దిండ్ల లెక్క

అప్పుడే చలంటారేంటి సార్? చలికాలం ఇంకా రాలేదు. అది వచ్చే నెల. ఇది ఊరికే వస్తున్నానని కబురు పెట్టడం. ఆ కోటు గుండీలు పైదాకా పెట్టుకోండి. ఆ కుర్చీ వద్దు, ఇటు గోడవైపు జరగండి. అక్కడ కూర్చుంటే గాలి సూటిగా మెడమీదే కొడుతుంది. వారం నుంచీ నేను కూర్చుంటున్నది అక్కడే, నాకు తెలుసు.

కిటికీలకు అద్దాలేవంటారా? చెప్తాను. మీ కమిటీ మిమ్మల్ని పంపింది దానికోసమేగా. కాకపోతే నా వరసలో నన్ను చెప్పనివ్వండి. మధ్యలో ఆపితే లెక్క తప్పుతుంది. ఒకప్పుడు ఎన్నిసార్లు ఆపినా తప్పేది కాదు. అదే నా గొప్ప అనుకునేదాన్ని.

టీ తాగండి ముందు. చల్లారిపోయిందా? ఇక్కడంతే. పొయ్యి దగ్గర నుంచి బల్ల దగ్గరికి పదిహేడు అడుగులు. ఈ పదిహేడు అడుగుల్లోనే చల్లారిపోతుంది.

మొదటి నుంచీ చెప్పమంటారా? మీకు తెలియనిదేముంది? సరే, రాసుకుంటున్నారు కాబట్టి చెప్తాను. యుద్ధంలో మన పక్కన నిలబడ్డ దేశం ఇది. యుద్ధమైతే అయిపోయింది, కానీ ఈ ఊళ్ళో ఒక్క కిటికీకి అద్దం మిగల్లేదు. గోడలు నిలబడ్డ ఇళ్ళలో కూడా అద్దాలు పోయాయి. అందుకని మూడు మిత్రదేశాలు కలిసి పని పంచుకున్నాయి. ఒక దేశం గాజు ఇస్తుంది. ఇంకో దేశం చట్రాలూ లారీలూ ఇస్తుంది. మన దేశం మనుషుల్ని పంపింది, కొలవడానికి, లెక్కపెట్టడానికి. ఆ మనుషుల్లో నేనొకదాన్ని.

ప్రతి సోమవారం ఈ గదిలోనే మూడు దేశాల మీటింగు. యుద్ధానికి ముందు ఇది బడి పంతుళ్ళు కూర్చునే గదట. బల్లమీద జెండాలు మూడు, మనుషులు ఒక్కోసారి ఇద్దరే. ఒకరు పంపిన మరలు ఇంకొకరి కన్నాల్లో పట్టవు. అద్దం చుట్టూ పెట్టే పుట్టీ ఎండాకాలంలో వచ్చి డబ్బాల్లోనే రాయైపోయింది. అయినా నాకు ఉత్సాహమే సార్. ఇరవై నాలుగేళ్ళు. ఎవరూ రమ్మనలేదు, నేనే అప్లికేషన్ పెట్టుకున్నాను. దానికి పదకొండు పేజీల ప్రణాళిక కూడా జతచేశాను. అందులో మొదటి పేజీ కూడా ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది.

పని ఏంటంటే, ప్రతి ఇంటికీ వెళ్ళాలి, ప్రతి గదిలో మనుషులెందరో రాయాలి, కిటికీ కొలవాలి. మనిషి ఉన్న గదికే అద్దం. ఖాళీ గదికి లేదు. గాజు తక్కువ, చలికాలం దగ్గర పడుతోంది, ఆ నియమంలో నాకేం తప్పు కనపడలేదు. ఇప్పటికీ కనపడదు. ఈ కొలతలు గాజు ఇచ్చే దేశంలో ఫ్యాక్టరీకి వెళ్తాయి, వాళ్ళు కోసి, ఒక్కో అద్దం మీద వీధి, ఇల్లు, గది, కిటికీ నంబర్లు వేసి పంపుతారు. ఒకరి అద్దం ఇంకొకరి కిటికీకి పట్టదు.

అవును, రెండు వార్డులు కలిపి వెయ్యిన్నూట నలభై ఆరు ఇళ్ళు. మాకిచ్చింది ముప్పై రోజులు. కొలిచేవాళ్ళం నలుగురం.

మొదటి ఐదు రోజులూ అడిగి రాశాం. ఈ గదిలో ఎంతమంది పడుకుంటారమ్మా అని అడిగితే ఎవరూ అంకె చెప్పరు సార్. కూర్చోమంటారు. ఫొటోలు తెస్తారు. ఇదిగో వీడు పెద్దాడు, వీడు రైలు దగ్గర తప్పిపోయాడు, ఇదిగో వీడి చొక్కా అంటారు. కళ్ళు తుడుచుకుంటారు. టీ పెడతామంటారు. ఒక్కో ఇంటికి గంటన్నర. నేను లెక్కేశాను. ఇలాగైతే యాభై నాలుగు రోజులు. చలి మనకోసం ఆగుతుందా?

అప్పుడు నాకు తట్టింది. నాకే తట్టింది, ఇంకెవరి మీదా పెట్టను. మనుషుల్ని అడగడమెందుకు, దిండ్లు లెక్కపెడితే సరి కదా అని.

నవ్వొస్తోందా? అప్పుడు ఎవరూ నవ్వలేదు. మంచాలు లెక్కపెడితే కుదరదు, ఒక మంచం మీద ముగ్గురుంటారు. కంచాలంటే చుట్టాలకోసం దాచినవీ ఉంటాయి. దిండు అలా కాదు. పక్కమీద దిండుందంటే దానిమీద ఒక తల ఉన్నట్టే. లోపలికి వెళ్ళు, దిండ్లు లెక్కపెట్టు, కిటికీ కొలిచెయ్, బయటికి రా. ఇరవై ఐదు నిమిషాలు. పందొమ్మిది రోజుల్లో ముగించేశాం. పదకొండు రోజులు మిగిలాయి.

దిండు పద్ధతి అని దానికి పేరు కూడా పెట్టారు. పెట్టింది మీ కమిటీయే. సర్టిఫికెట్ కూడా ఇచ్చింది, ఆ గోడకి ఉండేది. తీసేశాను. దాని వెనకున్న అట్ట ఒక కిటికీకి పనికొచ్చింది.

ఇక మీరు పట్టుకొచ్చిన తేడా. నా లెక్కలో నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భై మూడు మంది. రేషన్ పట్టికలో నాలుగు వేల నాలుగు వందల అరవై రెండు. తేడా నాలుగు వందల పదకొండు. ఇంతమంది రేషన్ తీసుకోకుండా ఎలా బతుకుతున్నారు అని మీ ప్రశ్న.

బతకడం లేదు సార్. అంటే, తెలియదు. ఆ దిండ్లు ఉన్నాయి. వాటిమీద తలలు లేవు.

ఈ ఊళ్ళో రాని మనిషి దిండు తీయరు. అంతే. మన దగ్గరైతే నాలుగు రోజులు చూసి చాపా దిండూ చుట్టి అటకమీద పడేస్తాం. వీళ్ళు తీయరు. పక్క దులుపుతారు, దిండు గలేబు ఉతుకుతారు, మళ్ళీ తొడిగి అక్కడే పెడతారు. బాగా మెత్తగా సర్దిపెడతారు, మధ్యలో కాస్త గుంట కూడా ఉంటుంది. చూస్తే ఇప్పుడే లేచి బయటికెళ్ళాడు అన్నట్టుంటుంది. మేం నలుగురం గది గదిలో అలాంటివి చూసి, టిక్కు పెట్టి వచ్చేశాం.

తెలియక జరిగిందని రాసుకుంటారా? ఆగండి. ఆ పెన్ను కాసేపు పక్కన పెట్టండి. అది అబద్ధం అవుతుంది.

నాకు పన్నెండో రోజే తెలిసింది.

నేను అద్దెకుండేది ఒక పెద్దమ్మ ఇంట్లో. వంటగది వెనక చిన్న గది, ఒక్క కిటికీ. ముందుగది ఆమె కొడుకుది. మొదట్లో ఆ గది అద్దెకివ్వమని అడిగాను, అందులో రెండు కిటికీలు. "అది ఖాళీ లేదు" అంది. సరే, ఎవరో ఉన్నారు కాబోలనుకున్నాను. లెక్కకి వచ్చినప్పుడు దిండు కూడా కనపడింది, ఒకటి రాసుకున్నాను. ఒకే ఇంట్లో ఉంటూ, ఆ మనిషి దగ్గు కూడా వినపడకపోతే నాకు అనుమానం రాలేదు చూడండి. పొద్దున్నే వెళ్ళిపోయి చీకటి పడ్డాక వచ్చే ఉద్యోగమేమో, నాలాగే, అనుకున్నాను.

ఆరోజు సెలవు. పెరట్లో ఆమె బట్టలుతుకుతోంది. దుప్పటి పిండటానికి ఒక చెయ్యి వెయ్యమంది. తర్వాత గలేబులు. ఒకటి ఆమెది, ఒకటి నాది, మూడోది గుర్తుగా నీలం దారం కుట్టినది. పెద్దమ్మా, ఇదెవరిది అన్నాను.

"వాడిది."

ఎక్కడుంటాడు, ఎప్పుడూ కనపడడు అన్నాను. ఆమె గలేబుని పిండింది. నీళ్ళన్నీ పోయినా ఇంకా పిండుతూనే ఉంది. "వాడు వెళ్ళాక వచ్చేది మూడో చలికాలం" అంది. మరి ప్రతి వారం ఉతకడమెందుకు అన్నాను, ఆ మాట ఎలా అన్నానో.

"వచ్చిన రోజున మాసిన గలేబు మీద పడుకోమననా?" అంది. నన్ను తిట్టినట్టు కూడా లేదు. ఏం పిల్లవమ్మా అన్నట్టు చూసింది.

నేను లేచి గోడమీదుగా వీధిలోకి చూశాను సార్. సెలవురోజు, అందరి పెరళ్ళలోనూ తీగలమీద గలేబులే. నాకు అలవాటే కదా, కళ్ళు వాటంతటవే లెక్కపెట్టేశాయి. ఆ వరసలో పద్నాలుగు ఇళ్ళు, గలేబులు డెబ్భై ఒకటి. ఆ ఇళ్ళలో రోజూ నేను చూసే మనుషులు అరవై ఆరు. అక్కడే నిలబడి మొత్తం ఊరికి ఎంతొస్తుందో కట్టేశాను. నాలుగు వందల దగ్గరికొచ్చింది.

మరి ఆపలేదేమంటారా? అదే. అక్కడే ఉంది అసలు సంగతి.

అప్పటికి సగం పైన అయిపోయింది. మా లీడరు ఫోన్లో ఎవరితోనో చెప్తుంటే విన్నాను, "ముందుగా ముగించే మొదటి ఊరు మాదే, ఒక కొత్త పిల్ల ఉంది, బుర్రంటే అదీ" అని. నా గురించి అలా ఎవరూ అనలేదు సార్ ఎప్పుడూ. ఆ మాటమీద ఏడు రోజులు నడిచాను. దిండు కనపడగానే కాస్త గుంట ఉందా, నిజం గుంటా, చేత్తో నొక్కిన గుంటా అని చూసేదాన్ని. తెలిసిపోయేది. తెలిసి కూడా టిక్కు పెట్టేదాన్ని. పక్కన పెన్సిలుతో చిన్న చుక్క. ఆ చుక్కలున్న నోటుబుక్కు నా దగ్గరే ఉంచుకున్నాను. అంతకుముందు రాసేసిన ఇళ్ళకీ, మిగతా ముగ్గురు చూసిన ఇళ్ళకీ కూడా ఏదో పని పెట్టుకుని మళ్ళీ వెళ్ళి చూసి చుక్కలు పెట్టాను.

ఇంకో మాట రాసుకోండి. మొదటి ఐదు రోజులూ అడిగి రాసిన నూట ఏడు ఇళ్ళున్నాయే, వాటిలో రేషన్ పట్టికకీ మాకూ ఒక్క మనిషి తేడా లేదు. ఒక్కటి కూడా. గంటన్నర కూర్చోబెట్టినవాళ్ళు ఒక్కరూ అబద్ధం చెప్పలేదు.

అద్దాలొచ్చాయి. మొదటి రెండు వార్డులకీ బిగించేశాం. ఎంత బాగుందో ఊరు ఆ వారం. సాయంత్రం ఎండ పడితే వీధి వీధంతా మెరిసేది. పిల్లలు అద్దంమీద ఊది వేలితో బొమ్మలు గీసేవాళ్ళు. నేను మాత్రం ముందుగదుల వైపు చూడకుండా నడిచేదాన్ని.

తర్వాత మూడో వార్డు పెట్టెలు దిగాయి. అది కొండమీద. శిబిరాల నుంచి ఆలస్యంగా తిరిగొచ్చినవాళ్ళు ఉంటారు. వాళ్ళవి ఒంటిగది ఇళ్ళు, రేషన్ చీటీలు చూసి రాశాం, దిండ్లతో పని పడలేదు. వాళ్ళకి కావలసినవి తొమ్మిది వందల రెండు అద్దాలు. వచ్చినవి ఐదు వందల పద్నాలుగు. ఊరికి మొత్తం గాజు ఇంతే అని ముందే కోటా ఉందట, మిగతాది కిందే ఖర్చయిపోయిందని ఉత్తరం. తక్కువ మూడు వందల ఎనభై ఎనిమిది.

నోటుబుక్కు తీసి చుక్కలన్నీ కూడి చూశాను. రాని మనిషి దిండు మాత్రమే ఉన్న గదులు, అంటే అసలు ఎవరూ లేని గదులు, రెండు వందల అరవై మూడు. మిగతా దిండ్లు బతికున్నవాళ్ళ పక్కనే ఉన్నాయి, వాటికి వేరే అద్దం పడలేదు. ఆ రెండు వందల అరవై మూడు గదులకీ వెళ్ళిన అద్దాలు సరిగ్గా మూడు వందల ఎనభై ఎనిమిది. ఒకటి అటూ ఇటూ కాలేదు. లెక్క సరిపోయినందుకు భయమేసింది, జీవితంలో మొదటిసారి.

కొండమీదకి ఆ కబురు నేనే తీసుకెళ్ళాను. లీడరు అప్పటికే ఇంకో ఊరెళ్ళిపోయాడు. అక్కడో తాపీమేస్త్రీ, ముగ్గురు పిల్లలు. కిటికీకి ప్లాస్టిక్ పట్టా కట్టుకున్నాడు, అది గాలికి పటపటా కొట్టుకుంటోంది. నేను చెప్పిందంతా విన్నాడు. తర్వాత అన్నాడు, "కింద దిండ్లు లెక్కపెట్టారటగా అమ్మా. మేం చొక్కా మడిచి తలకింద పెట్టుకుంటాం. అందుకా మాకు రాలేదు?"

కాదు, మిమ్మల్ని వేరేగా లెక్కపెట్టాం అన్నాను. నిజమే చెప్పాను. అబద్ధం చెప్పినా అంత సిగ్గేసేది కాదు.

ఇంటికొచ్చి పెద్దమ్మకి చెప్పేశాను. ఇంకెవరికి చెప్పను? ఈ ఊళ్ళో నాతో పనిలేని మాట మాట్లాడేది ఆమె ఒక్కతే. అన్నీ చెప్పాను, చుక్కలు, సర్టిఫికెట్, తొమ్మిది వందల రెండు, అన్నీ. ఆమె కూర తరుగుతోంది. కత్తిపీట ఆపలేదు. అంతా అయ్యాక అంది, "నువ్వు దిండ్లు లెక్కపెట్టుకున్నావు. నన్ను అడిగావా?"

అడిగితే ఏం చెప్పేదానివి పెద్దమ్మా అన్నాను.

"లేడు అని చెప్పేదాన్ని. రావాలి అని కూడా చెప్పేదాన్ని. నీ కాగితంలో రెండూ పడతాయా?"

పడవు సార్. మన ఫారంలో రెండే గళ్ళు. ఉన్నారు, లేరు. రావాలి అనే గడి లేదు. మూడు దేశాలు కూర్చుని ఆర్నెల్లు తయారుచేసిన ఫారం.

ఆమె చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళింది. దిండు తీసుకుని రెండుసార్లు తట్టి, తన గదిలో తన దిండు పక్కన పెట్టింది. "ఈ గదికి అద్దం ఉందిగా. వాడూ ఇక్కడే ఉంటాడు. ఆ రెండూ తీసుకెళ్ళి ఆ పిల్లల కిటికీకి పెట్టు. గీత పడకుండా తియ్యమను" అంది. అంతే. దీనికోసమా నేను ఇరవై రోజులు నిద్ర మానుకున్నది?

మర్నాటి నుంచి తిరగడం మొదలుపెట్టాను. నేనూ, అద్దాల తాతా. డెబ్భై ఏళ్ళుంటాయి ఆయనకి, ఈ ఊళ్ళో అద్దాలు బిగించే మనిషి ఆయనొక్కడే మిగిలాడు. నన్ను లెక్కల పిల్లా అంటాడు. "లెక్కల పిల్లా, బిగించడానికి అన్ని రోజులు తిప్పావు, తీయడానికి ఎన్ని రోజులు తిప్పుతావు? మూడోసారి మళ్ళీ బిగించమంటావా?" అని దారిపొడుగునా దెప్పుతూనే ఉండేవాడు. కానీ పెద్ద అద్దాన్ని చిన్న కిటికీకి కోసేటప్పుడు మాత్రం ఒక్క మాట మాట్లాడడు. కొండమీది కిటికీలు చిన్నవి, అది అదృష్టం. పెద్దది చిన్నది చేయొచ్చు. చిన్నది పెద్దది చేయలేం కదా.

ఈసారి ప్రతి ఇంట్లోనూ కూర్చున్నాను. అడిగాను. ఫొటోలు చూశాను. రైలు, చొక్కా, ఉత్తరం, అన్నీ విన్నాను. టీ తాగాను. రోజుకి తొమ్మిది కప్పుల పైన. గంటన్నర అనుకున్నది రెండు గంటలైన ఇళ్ళున్నాయి. విన్నాక నేను చెప్పేది చెప్పేదాన్ని, ఈ గది అద్దం కొండమీదకి కావాలి అని. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. తర్వాత ఎవరో ఒకరు లేచి దిండు తీసి, మనుషులున్న గదిలోకి మార్చేవాళ్ళు. ఒక ఇంట్లో అయితే ఒకే మంచంమీద ఐదు దిండ్లు, పడుకునేది ఇద్దరు. "ఇరుకే, ఏం చేస్తాం, సర్దుకుంటారు" అంది ఆ ఇంటావిడ.

మూడు వందల యాభై రెండు అద్దాలు వచ్చాయి. ముప్పై ఆరు రాలేదు.

ఇవ్వనన్నవాళ్ళూ ఉన్నారు సార్. ఇరవై ఒక్క ఇళ్ళు. నేను వాళ్ళని తప్పుపట్టలేను. ఒక దర్జీ ఉన్నాడు. కూతురి గది. కిటికీ వీధివైపు ఉంటుంది. అడిగితే మిషను తొక్కడం ఆపలేదు. తొక్కుతూనే అన్నాడు, "అది వస్తే ముందు వీధిలోంచి ఆ కిటికీ చూస్తుంది. పట్టా కట్టి ఉంటే ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతుంది." తాత సంచీ సర్దుకున్నాడు. నేను లేచి వచ్చేశాను.

ఇక ఆ ముప్పై ఆరు. మీరు చలి చలి అంటున్నారే, ఇప్పుడు వినండి. ఈ ఆఫీసు అద్దాలు ఇరవై ఏడు. నా గదిది ఒకటి. మిగతా ఎనిమిదీ, నిన్న మీరు దిగిన గెస్ట్‌హౌస్‌వి. పక్కలో వణికిపోయానని పొద్దున అన్నారు కదా. ఆ వణుక్కి కారణం నేనే. సరిపోయాయి, ముప్పై ఆరు.

సరిపోలేదు నిజానికి. కోసేటప్పుడు పదకొండు పగిలాయి. తాతకి చూపు ఆనదు, వయసు కదా. ఇంకా పదకొండు కిటికీలకి పట్టాలే. ఆయన మీ జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. నేనే వద్దన్నాను.

ఇంతకీ మీకు కావలసింది ఆ ఇరవై ఒక్క ఇళ్ళ పేర్లు. నియమం ప్రకారం ఖాళీ గదులవి. మీ మనుషులొచ్చి తీసుకుంటారు, ఆ గళ్ళలో లేరు అని రాసుకుంటారు. ఒకసారి లేరు అని రాశాక వాళ్ళ కోసం వెతికే జాబితాలోంచి కూడా పేరు పోతుందట కదా? పోదంటారా? పోతుంది సార్, నేను అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు అడగడం నేర్చుకున్నానుగా.

నోటుబుక్కు ఇదిగో, మీ ముందే ఉంది. తీసుకోండి. అన్ని పేజీలూ ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది తాతకిచ్చాను, చేతికంటిన పుట్టీ తుడుచుకోవడానికి. ఏ ఇళ్ళో నాకు గుర్తుందా అంటే, ఉంది. నాకు అంకెలు పోవు. కానీ చెప్పను.

కోపం తెచ్చుకోకండి. నన్ను పంపించేస్తారని తెలుసు. ఆ కాగితం ఇలా ఇవ్వండి, చదవకుండానే పెడతాను సంతకం. నిర్లక్ష్యం అని రాశారా? సరే. కావాలని అని రాస్తే ఇంకా సరిపోయేది. ఎక్కడ, ఇక్కడా? ఇదిగో.

గురువారం లారీలో వెళ్తాను. సామాను ఒక్క పెట్టె.

రెండే రెండు అడుగుతాను. ఆ పదకొండు అద్దాలు ఎక్కడినుంచైనా పంపించండి. మీ కమిటీ ఆఫీసుకి మూడంతస్తులట, నేను చూళ్ళేదు కానీ కిటికీలు బాగానే ఉండుంటాయి. రెండోది, ఇంకో రెండు ఊళ్ళలో దిండు పద్ధతి మొదలుపెట్టారు. నా పేరుతో. ఈ రోజే ఆపించండి. కూర్చుని అడగమనండి. యాభై నాలుగు రోజులు పడితే పట్టనివ్వండి, ఇంకో నలుగుర్ని పంపండి, ఇరవై ఏడు రోజుల్లో అయిపోతుంది. చూశారా, ఎంత తేలిక లెక్క. అప్పుడు నాకు తట్టలేదు. ఇంకో నలుగుర్ని అడగాలని కాకుండా, నలుగురితోనే అయిందనిపించుకోవాలని తట్టింది.

వెళ్ళాక ఏం చేస్తావంటారా? ఏముంది, ఇంకో ఉద్యోగం. లెక్కలొచ్చిన పిల్లకి ఉద్యోగాలు కరువా?

ఇంట్లోవాళ్ళా? మేనమామ ఇంట్లో పెరిగాను సార్. వాళ్ళ పిల్లలు ఐదుగురు, నేను ఆరు. పొద్దున్నే చాపలు చుట్టేసేవాళ్ళం. ఎవరి చేతికి ఏ దిండు దొరికితే ఆ రాత్రికి అది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఇల్లు చిన్నది. తర్వాత హాస్టలు. ఖాళీ చేసిన మధ్యాహ్నమే నా మంచం ఇంకో అమ్మాయికిచ్చారు, ఇంకా మెట్లు దిగుతూనే ఉన్నాను. ఇక్కడికొచ్చిన నెలకి అత్తయ్య ఉత్తరం రాసింది, నీ అల్మారాలో అర ఖాళీగా ఉంది కదా, చిన్నదాని పుస్తకాలు పెట్టాం అని. పెట్టుకోవాలిగా మరి. ఖాళీ ఖాళీయేగా. నా నియమం కూడా అదేగా.

ఇక లేవండి సార్, మీకు ముక్కు ఎర్రబడింది. ఆ నోటుబుక్కు మర్చిపోకండి.

ఒక్క నిమిషం. ఒకటి చెప్పలేదు. అన్నీ చెప్తానన్నాను, ఇదొక్కటీ దాచుకుని వెళ్ళిపోదామనుకున్నాను.

నా గది అద్దం తీశాక పెద్దమ్మ నన్ను తన గదిలోనే పడుకోమంది. ఇప్పుడక్కడ మూడు దిండ్లు వరసగా. ఆమెది, కొడుకుది, చివర నాది. నిన్న సాయంత్రం గలేబులు తొడుగుతుంటే, గురువారం వెళ్ళిపోతానేమో పెద్దమ్మా అన్నాను. ఊఁ అంది. నేను వెళ్ళాక నా దిండు తీసెయ్యకు అన్నాను. మళ్ళీ వస్తానని కాదు, రానేమో, వీసా కూడా ఇవ్వరేమో. అయినా ఊరికే ఉండనివ్వు అన్నాను.

ఆమె నా గలేబు తీసి చూసింది, ఏ గుర్తూ లేని తెల్ల గలేబు. డబ్బాలోంచి ఎర్రదారం తీసింది.

కాబట్టి మీ కాగితంలో ఆ నాలుగు వందల పదకొండుని మార్చండి సార్. నాలుగు వందల పన్నెండు.